ఉప్పు కుప్పకి తలుపు

రిక్వైర్‌మెంట్ సరిగ్గా అర్థం చేసుకోకుండా డిజైన్ చేస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి ఉదాహరణ ఒక జెండా మీద ఉంది.

బహామాస్‌కి ఆగ్నేయంగా టర్క్స్ అండ్ కైకోస్ అని చిన్న చిన్న దీవుల గుంపొకటి ఉంది. ఇప్పటికీ బ్రిటిష్ వాళ్ళదే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ కాలనీకి ఒక చిహ్నం కావాల్సొచ్చింది. అక్కడ ఉన్నదల్లా ఉప్పు. కాబట్టి ఒడ్డు మీద రెండు తెల్లటి ఉప్పు కుప్పలు, పక్కన పని చేసే మనుషులు, వెనక ఒక ఓడ, ఇదీ బొమ్మ. లండన్‌లో దీన్ని ఫైనల్ చేసిన ఆర్టిస్టు ఆ దీవులు చూసి ఉండడు. తెల్లగా గుండ్రంగా ఉన్న కుప్పల్ని చూసి ఇవేవో మంచు ప్రాంతంలో కట్టుకునే ఇగ్లూలు కాబోలు అనుకుని, ఒక కుప్పకి తలుపు పెట్టేశాడని చెప్తారు. వేసవి తప్ప ఇంకో కాలం ఎరగని దీవికి మంచు ఇల్లు! ఆ తలుపు 1960ల దాకా అధికారికంగా జెండా మీద అలాగే ఉండిపోయింది. ప్రొడక్షన్లోకి వెళ్ళిన బగ్ ఎంతకాలం బతుకుతుందో మనకి తెలియంది కాదు :)

నవ్వుకోవడానికి బానే ఉంది గానీ, ఆ కుప్పల పక్కన వంగి పని చేస్తున్న మనుషులెవరు అన్నది అసలు కథ. ఆ దీవికి క్రూజ్‌లో వెళ్ళే మనవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి చెప్పాలనిపించింది.

ముందు, క్రూజ్ ఓడ అక్కడికి ఎందుకు వెళ్తుందో చూద్దాం. గ్రాండ్ టర్క్ దీవి పొడవు దాదాపు 11 కిలోమీటర్లు, వెడల్పు రెండున్నర కూడా ఉండదు. కరీబియన్ అని అమ్ముతారు గానీ మ్యాప్ తెరిచి చూస్తే అట్లాంటిక్‌లో ఉంటుంది. కొండ లేదు, అడవి లేదు, నది అసలే లేదు. మరి వారానికి ఇన్నేసి ఓడలు ఎందుకు ఆగుతాయి? బీచ్ ఒక్కటే కారణం కాదు. అమెరికాలో 1886లో చేసిన చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని చేరవెయ్యకూడదని దాని సారాంశం. మనం ఎక్కే పెద్ద క్రూజ్ ఓడలు ఇంచుమించు అన్నీ బహామాస్, పనామా లాంటి విదేశాల్లో రిజిస్టర్ అయినవే. కాబట్టి ఫ్లోరిడాలో బయల్దేరి ఫ్లోరిడాకే తిరిగొచ్చే ఓడ కూడా మధ్యలో ఏదో ఒక విదేశీ రేవులో ఆగాలి. ఫ్లోరిడాకి మరీ దూరం కాని, లోతైన నీళ్ళు ఒడ్డు దాకా ఉన్న గ్రాండ్ టర్క్ ఇందుకు చక్కగా సరిపోయింది. (అన్నట్టు, ఎక్కడ ఎక్కామో అక్కడే దిగుతున్నాం కదా అనుకోవద్దు, దేశం దాటినట్టే లెక్క. హెచ్-వన్ మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టులో స్టాంపింగ్ చూసుకోకుండా టికెట్ కొనకండి.)

2006లో కార్నివాల్ కంపెనీ దీవి దక్షిణపు కొసన సొంతంగా ఒక రేవు కట్టింది. రెండు పెద్ద ఓడలు ఒకేసారి ఆగేంత పొడుగు. దిగగానే షాపులు, పెద్ద స్విమ్మింగ్ పూల్, పడక కుర్చీలు, బార్. సముద్రం పక్కనే స్విమ్మింగ్ పూల్ ఏమిటో అని నవ్వొచ్చింది నాకు. దిగినవాళ్ళలో చాలామంది ఆ ఆవరణ దాటి బయటికి రారు. దాటేవాళ్ళకి షోర్ ఎక్స్‌కర్షన్లు ఉన్నాయి. స్నార్కెలింగ్, తిరగలి చేపలతో ఫోటో, ఇసకలో బగ్గీలు, చివరాఖరికి బస్సులో ఊరు తిప్పడం. నేను ఆ చివరిది ఎక్కాను.

బస్సు వాళ్ళు చూపించేవి ఇవీ. 1852లో కట్టిన ఇనుప లైట్‌హౌస్. రోడ్ల మీద యజమాని లేకుండా తిరిగే గాడిదలు. విమానాశ్రయం ముందు పెట్టిన అంతరిక్ష నౌక నమూనా. కాక్‌బర్న్ టౌన్ అనే ఊరు, అంటే ఈ దేశానికి రాజధాని, మన మండల కేంద్రం కన్నా చిన్నది. ఊరి మధ్యలోనే, ఇళ్ళకి ఆనుకుని, అడుగెత్తు రాతి గట్లతో గళ్ళు గళ్ళుగా విడదీసిన పెద్ద పెద్ద చెరువులు. నీళ్ళు కదలవు, కొన్ని చోట్ల ఎర్రగా ఉంటాయి. ఇక్కడ పూర్వం ఉప్పు పండించేవారు, అని ఒక్క వాక్యం. బస్సు కదిలింది.

నా లెక్కలో మిగతావన్నీ ఆ ఒక్క వాక్యానికి ఫుట్‌నోట్లు. ఆ చెరువులు లేకపోతే ఊరు లేదు, గాడిదలు లేవు, జెండా మీద తలుపూ లేదు.

ఈ దీవుల్లో మొదట ఉన్నవాళ్ళు లుకాయన్లు. కొలంబస్ 1492లో ఈ చుట్టుపక్కలకి వచ్చాక పాతికేళ్ళు గడవకముందే స్పానిష్ వాళ్ళు వాళ్ళని బానిసలుగా పట్టుకెళ్ళిపోయి దీవులన్నీ ఖాళీ చేసేశారు. ఆ తర్వాత శతాబ్దంన్నర పైగా అక్కడ కాపురమున్నవాళ్ళు దాదాపు లేరు. 1670ల నించి బెర్ముడా వాళ్ళు ఓడల్లో రావడం మొదలెట్టారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, గాలి ఎప్పుడూ ఉంటుంది, మధ్యలో పల్లపు మడుగులు. ఉప్పుకి ఇంతకన్నా ఏం కావాలి? మొదట్లో సీజన్‌లో వచ్చి ఉప్పు తోడుకుని వెళ్ళిపోయేవారు. తర్వాత స్థిరపడ్డారు. చెట్లుంటే వానలు పడి ఉప్పు పాడవుతుందని చెట్లన్నీ కొట్టేశారు. దీవి ఈ రోజుకీ బోసిగా కనిపించడానికి కారణం అదే.

పద్ధతి మన ఉప్పు మళ్ళలాంటిదే. తూము ఎత్తి సముద్రపు నీళ్ళు పెద్ద మడుగులోకి వదలడం, అక్కడ కాస్త ఇంకాక ఇంకో మడిలోకి, అక్కణ్ణించి మరో మడిలోకి, చివరికి నేల మీద తెల్లటి పెచ్చు కట్టాక దాన్ని పగలగొట్టి చెక్క దంతెలతో లాగి కుప్ప పొయ్యడం. గోనెలకెత్తి గాడిద బళ్ళ మీద ఒడ్డుకి, చిన్న పడవల మీద ఓడకి.

ఆ ఉప్పంతా ఎక్కడికి వెళ్ళింది? ఉత్తరాన న్యూఫౌండ్‌లాండ్, న్యూ ఇంగ్లండ్ తీరాలకి. అక్కడ కాడ్ అనే చేప విపరీతంగా పడేది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో చేప నిలవుండాలంటే ఉప్పే గతి. మంచి ఎండుచేప యూరప్‌కి వెళ్ళేది. నాసిరకం ఎండుచేప మళ్ళీ దక్షిణానికి, చెరకు దీవులకి వచ్చేది, అక్కడి బానిసల తిండికి. అంటే ఒక దీవిలో బానిసలు తోడిన ఉప్పు, వేల కిలోమీటర్లు తిరిగి ఇంకో దీవిలో బానిసల కంచంలోకి. సప్లై చెయిన్ అనే మాట పుట్టకముందే ఇంత పక్కాగా సప్లై చెయిన్ నడిపారు. ఈ ఉప్పు కోసం యుద్ధాలు కూడా జరిగాయి. 1783లో ఫ్రెంచి వాళ్ళు గ్రాండ్ టర్క్‌ని పట్టుకుంటే, తిరిగి తీసుకోబోయి దెబ్బ తిని వెనక్కెళ్ళినవాడు ఎవరో కాదు, తర్వాత ట్రఫాల్గర్ హీరో అయిన హొరాషియో నెల్సన్. తర్వాత సంధిలో దీవి బ్రిటన్‌కే తిరిగొచ్చింది లెండి. తర్వాత బహామాస్ కింద పెట్టడం, ఉప్పు పన్ను గొడవలు, 1848లో విడిపోవడం, మళ్ళీ జమైకాకి అతికించడం, ఇదంతా పెద్ద తలనొప్పి. వదిలేద్దాం.

ఇంత వ్యాపారంలోనూ నీళ్ళలో దిగి నిలబడ్డ మనిషి మాట మనదాకా రావడం అరుదు. గ్రాండ్ టర్క్ అదృష్టమో, మన అదృష్టమో, ఒకరి మాట వచ్చింది. ఆవిడ పేరు మేరీ ప్రిన్స్.

1788 ప్రాంతంలో బెర్ముడాలో బానిస కుటుంబంలో పుట్టింది. పన్నెండేళ్ళప్పుడు అంగట్లో నిలబెట్టి తల్లి కళ్ళ ముందే వేలం వేశారు. కొన్నేళ్ళకి ఆ కొన్నవాడు ఇంకొకడికి అప్పగిస్తే, వాడు గ్రాండ్ టర్క్‌కి పంపాడు. 1800ల మొదటి సంవత్సరాలు. ప్రయాణానికి దాదాపు నాలుగు వారాలు పట్టింది. గాలి పడిపోయి ఓడ కదల్లేదు, తిండీ నీళ్ళూ అయిపోవచ్చాయి. అదే ఓడలో ఉన్న ఆంథొనీ అనే నల్లజాతి మనిషీ, అతని భార్యా తమ మూటలో తెచ్చుకున్నది తనకి పెట్టకపోతే ఆకలికి చచ్చిపోయేదాన్నే అని చెప్పుకుంది. అదే సముద్రం మీద, రాత్రి పదకొండుకి కూడా పిజ్జా పెడుతున్న ఓడలో కూర్చుని ఈ ముక్క చదువుతుంటే నాకు ఎలా ఉండాలో అలాగే ఉంది.

దిగగానే చేతికి ఒక సగం పీపా, ఒక పార ఇచ్చి మోకాలి లోతు నీళ్ళలోకి దింపారు. తెల్లవారుజామున నాలుగింటి నించి తొమ్మిది దాకా పని. అప్పుడు ఉడికించిన మొక్కజొన్న, వాన వస్తే ఉప్పు కరిగిపోతుందన్న భయంతో గబగబా మింగడం. మళ్ళీ నీళ్ళలోకి. మధ్యాహ్నం మరోసారి అదే మొక్కజొన్న. మళ్ళీ చీకటి పడేదాకా. ఎండకి ఒళ్ళు బొబ్బలెక్కేది. అంతసేపు ఉప్పునీళ్ళలో నానిన కాళ్ళకి పుళ్ళు పడి, కొందరికి ఎముక దాకా తినేసేవిట. ఓడ లోడింగ్ ఉన్నా, సముద్రం నించి నీళ్ళు తోడే యంత్రం తిప్పాల్సి వచ్చినా రాత్రంతా కూడా పనే. ఇక్కడ రిలీజ్ నైట్లతో పోలిక పెట్టబోయి మానుకున్నాను, నోరు రాలేదు.

పడుకోవడానికి పొడుగాటి షెడ్డు, లోపల గొడ్ల కొట్టంలా చిన్న చిన్న అరలు, ఒట్టి చెక్క బల్ల. ఆదివారం సెలవు అనుకునేరు. ఆ రోజు ఉప్పు గోనెలు ఉతకాలి. అయ్యాక పొదల్లోకి వెళ్ళి పొడుగాటి మెత్తటి గడ్డి కోసుకొచ్చుకునేవాళ్ళు. ఎందుకంటే, దాన్ని కట్టలు కట్టి రాత్రి కాళ్ళ కింద పెట్టుకోవడానికి. పుళ్ళ కాళ్ళు ఒట్టి చెక్క మీద ఆనిస్తే నిద్ర పట్టదు. వారంలో తమ కోసం తాము చేసుకునే పని అదొక్కటి. ఈ గడ్డి సంగతి చదివాక ఆ పుస్తకంలో ఇంకేదీ నాకు కల్పన అనిపించలేదు. కల్పించేవాడికి గడ్డి తట్టదు.

డేనియల్ అనే ముసలాయన ఉండేవాడు, తుంటి కుంటి. అందరితో సమానంగా బండి తోయలేకపోయేవాడు. యజమాని అతన్ని ముళ్ళ కొమ్మతో చర్మం ఊడేలా కొట్టించి, ఆ పచ్చి పుండు మీద బకెట్టుడు ఉప్పు చల్లేవాడు. ఆ పుళ్ళు ఇక మానలేదట. అతన్ని చూస్తే మాకు ముందు ముందు మా ముసలితనం కనపడేది అంటుంది మేరీ. కొమ్మలూ ఆకులతో ప్రార్థనకి ఒక పాక వేసుకుంటే తెల్లవాళ్ళు రెండుసార్లు పీకేశారు. కొన్నాళ్ళకి ఒక ఓడలో తన తల్లి వచ్చిందని తెలిసి రేవుకి పరిగెత్తింది. తల్లికి మతి చలించింది. కూతుర్ని గుర్తు పట్టలేదు.

దాదాపు పదేళ్ళు ఆ ఉప్పులో గడిచాయి. తర్వాత బెర్ముడా, ఆ తర్వాత యాంటిగా, చివరికి 1828లో యజమాని కుటుంబంతో లండన్. ఇంగ్లండ్ గడ్డ మీద ఆవిడని బలవంతంగా పట్టి ఉంచే వీల్లేదు. పెట్టె సర్దుకుని బయటికి నడిచింది. కానీ యాంటిగాలో భర్త ఉన్నాడు, అక్కడికి తిరిగెళ్తే మళ్ళీ బానిసే. విడుదల పత్రం ఇవ్వమంటే యజమాని డబ్బుకి కూడా ఒప్పుకోలేదు. బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్ ప్రింగిల్ ఇంట్లో పనికి కుదిరింది. ఆవిడ చెప్తుంటే సుసానా స్ట్రిక్‌లాండ్ అనే యువ రచయిత్రి రాసింది, ప్రింగిల్ దిద్దాడు. 1831లో పుస్తకం అచ్చయింది. బ్రిటన్‌లో ఒక నల్లజాతి స్త్రీ జీవిత కథ పుస్తకంగా రావడం అదే మొదలు. ఆ ఏడే మూడు ముద్రణలు.

తర్వాత జరిగింది ఇవాళ్టి ఇంటర్నెట్‌లో కూడా అచ్చం ఇలాగే జరుగుతుంది. బానిస యజమానుల తరఫున రాసే జేమ్స్ మక్వీన్ అనే పెద్దమనిషి ఇదంతా అబద్ధమని, ఆవిడ నడత మంచిది కాదని ఒక పేరున్న పత్రికలో పేజీలకి పేజీలు రాశాడు. రుజువులేవి అన్నారు. ప్రింగిల్ భార్య మరి కొందరు ఆడవాళ్ళతో కలిసి మేరీ వీపు చూసి, ఆ మచ్చల వర్ణన ఉత్తరంగా రాస్తే దాన్ని మూడో ముద్రణలో చేర్చారు. తన మాట నమ్మడానికి చొక్కా విప్పి చూపించాల్సి వచ్చింది ఆవిడ. 1833లో రెండు పరువునష్టం దావాలు నడిచాయి. ఒకటి ప్రింగిల్ గెలిచాడు, రెండోది యజమాని గెలిచాడు. మేరీ కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత ఆవిడ పేరు ఏ కాయితం మీదా కనపడదు.

అదే 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. రద్దు చేసినందుకు నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు. ఎవరికి? యజమానులకి, ఆస్తి పోయిందని. ఉప్పులో నిలబడ్డవాళ్ళకి దమ్మిడీ లేదు, పైపెచ్చు 1838 దాకా అప్రెంటిస్‌లన్న పేరు మీద ఊడిగం. ఆ పరిహారం కోసం ప్రభుత్వం చేసిన అప్పు బాండ్ల రూపంలో తిరుగుతూ తిరుగుతూ 2015లో గానీ తీరలేదు. బ్రిటిష్ ఖజానా వాళ్ళే 2018లో దీన్ని ఏదో గొప్పగా ట్విట్టర్లో చెప్పుకుని, జనం తిట్టిపోస్తే తీసేసుకున్నారు. అంటే 2015కి ముందు లండన్‌లోనో రెడింగ్‌లోనో ఆన్‌సైట్ చేసి అక్కడ టాక్స్ కట్టిన మనవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ జీతంలోంచి కూడా ఆ యజమానుల బాకీకి ఓ రవ్వ వెళ్ళింది. మీ పే స్లిప్పులో కనపడదు, అంతే.

ఉప్పు విషయంలో కూడా మనకి దూరపు చుట్టరికం ఉంది. మేరీ ఆ మడుగుల్లో ఉన్న రోజుల్లోనే, 1805లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుని తన గుత్తాధిపత్యంలోకి తెచ్చుకుంది. మన కోస్తా ఉప్పు మళ్ళు కూడా అందులోకే. 1930లో గాంధీ గారు ఆ వ్యవహారాన్ని ఉప్పు పిడికిలితో ఎదుర్కొన్న సంగతి చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. అదే సామ్రాజ్యం ఒక చోట ఉప్పు చేసేవాణ్ణి కొనుక్కుంది, ఇంకో చోట ఉప్పు తినేవాడి మీద పన్నేసింది. గ్రాండ్ టర్క్‌కి గాంధీ దొరకలేదు, కానీ మేరీ దొరికింది.

ఇంకో కథ. 1841లో ట్రూవడోర్ అనే స్పానిష్ బానిస ఓడ ఈ దీవుల్లోనే, ఈస్ట్ కైకోస్ దగ్గర దిబ్బకి గుద్దుకుని ముక్కలైంది. క్యూబాలో అమ్మడానికి తీసుకెళ్తున్న దాదాపు 190 మంది ఆఫ్రికన్లు ఒడ్డుకి చేరారు. అప్పటికి బ్రిటిష్ నేల మీద బానిసత్వం లేదు కాబట్టి అందరూ స్వతంత్రులయ్యారు. అయ్యారు గానీ, ఎక్కువమందిని ముందు ఒక ఏడాది ఉప్పు యజమానుల దగ్గర అప్రెంటిస్‌లుగా పెట్టారు! స్వేచ్ఛకి దారి కూడా ఆ మడుగుల్లోంచే. ఆ ఓడ శిథిలాల్ని 2004లో కనుక్కున్నారు. ఈ దీవుల్లో ఇప్పుడున్న జనంలో చాలామంది ఆ ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్ళ వారసులే.

ఉప్పు వ్యాపారం మెల్లగా చితికిపోయి 1960ల్లో గ్రాండ్ టర్క్‌లో ఆగిపోయింది. గాడిదల్ని వదిలేశారు. బస్సులోంచి మనం ఫోటోలు తీసేవి వాటి మునిమనవల్నే. సరిగ్గా ఆ సమయానికే ఆకాశం నించి ఒక కొత్త కథ ఊడిపడింది. ఫ్లోరిడా నించి పేల్చే రాకెట్లని కనిపెట్టడానికి అమెరికా 1950ల్లోనే ఇక్కడ ఒక స్థావరం పెట్టింది. 1962 ఫిబ్రవరి 20న భూమిని మూడు చుట్లు తిరిగి అట్లాంటిక్‌లో దిగిన జాన్ గ్లెన్‌ని సముద్రం నించి ఎత్తి, తర్వాత ఇక్కడికే తీసుకొచ్చారు. కంప్యూటర్ లెక్కని కేథరిన్ జాన్సన్ చేత్తో సరిచూస్తే గానీ ఎక్కనన్నాడే, ఆ గ్లెన్నే. విమానాశ్రయం ముందున్న నమూనా అందుకు గుర్తు.

నాకు పేచీ ఇక్కడే. గ్లెన్ ఆ దీవిలో రెండు రోజులున్నాడు, గుర్తుగా అంతరిక్ష నౌక. మేరీ పదేళ్ళుంది. మా బస్సు టూర్‌లో ఆవిడ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు. గైడ్‌ని తప్పుపట్టలేను. రెండు గంటల టూరు, సెలవులకొచ్చిన నలభై మంది, సగం మంది చేతిలో గ్లాసులు. కాళ్ళ పుళ్ళ గురించి ఎవరు చెప్తారు, టిప్పు ఎవరిస్తారు? బెర్ముడా వాళ్ళు ఆవిడని 2012లో జాతీయ వీరుల్లో చేర్చారు, 2020 నించి ఆవిడ పేరున ఒక సెలవు రోజే ఉంది. బస్సు ఉప్పు మడుగు దగ్గర ఆగే ఆ మూడు నిమిషాల్లో ఒక పేరు చెప్పడానికి గ్లాసులు పక్కన పెట్టక్కర్లేదు.

వెళ్ళే ఆలోచన ఉంటే, పూల్ దగ్గర ఆగిపోకుండా టాక్సీలో కాక్‌బర్న్ టౌన్‌కి వెళ్ళండి, రేవు నించి ఐదు కిలోమీటర్ల లోపే. ఫ్రంట్ స్ట్రీట్‌లో పాత రాతి ఇంట్లో నేషనల్ మ్యూజియం ఉంది. దాని వెనక వీధుల్లోంచి పది నిమిషాలు నడిస్తే మడుగుల గట్టు మీదకి వస్తారు. నీడ ఉండదు, టోపీ తీసుకెళ్ళండి. మేరీ ప్రిన్స్ పుస్తకం కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఆవిడ చెప్పిన భాగం ఒక పూటలో అయిపోయేంతే. ఓడలో వైఫైకి రోజువారీ బాదుడు కాబట్టి ఎక్కకముందే దింపుకోండి.